నాలుగువేల హెర్ట్జ్‌ల అవతల

కాజీపేట డీజిల్ షెడ్డుల ముప్పై రెండేండ్లు
ఆల్కో ఇంజన్ల కడుపుకు చెవి ఆనిచ్చి బతికినోన్ని.
పదహారు సిలిండర్లల్ల ఏది తప్పు కొడుతుందో
బయట నిలబడే చెప్పేటోన్ని.
అందుకేనేమో బర్నబాస్ మాస్టర్,
ఫాతిమానగర్ గుడిల ఆర్గన్ వాయించే మనిషి,
ఓ ఆదివారం పూజ అయినంక నన్ను ఆపి
"నీ చెవి నాక్కావాలె" అన్నడు,
చేబదులు అడిగినట్టు.

ఆయన బల్ల మీద మూడు పెట్టెలు.
మూడింటిలా ఒకే ఫ్రెంచాయన రాసిన
అవే ఐదు కాన్చెర్టోలు.
మొదటిది మండిబజార్ల యాకూబ్ పాషా దుకాణంల
కుక్కర్ గాస్కెట్ల కట్ట కింద దొరికిన మోనో రికార్డులు,
అట్ట మీద ఎవలదో చాయ్ మరక.
రెండోది, ఏదో ఫాదర్ రోమ్ నుంచి తెచ్చిన క్యాసెట్లు.
మూడోది సీడీలు. వాటిల మొఖం చూసుకోవచ్చు.

"ఒక్కటి చాలదా మాస్టర్?"
"ఘన్‌పూర్ దాటినంక ఎత్తు ఎక్కేటప్పుడు
మీ డ్రైవర్లంత ఒక్క తీరే నాచ్ ఏస్తరా?"
ఇగ నేనేం మాట్లాడలే.

పాత లాగ్ షీట్ల ఎనుక గీతలు కొట్టి మార్కులు ఏసినం.
రెండో కాన్చెర్టోల ఆర్కెస్ట్రా నోరు తెరవకముందే
పియానో ఒక్కతే దిగుతది.
మోనో ఆయన బాయిల బొక్కెన ఇడిచినట్టు దిగిండు,
తాడు రాపిడి సుత ఇనబడ్డది.
క్యాసెట్ ఆమె చిక్కులు ఇప్పుకుంట కూసున్నది,
తొందర లేదు, యాడికీ పోయేది లేదు.
సీడీ పిలగాడు
తక్కెట్ల ఆవాలు పోసినట్టు పోసిండు,
ఒక్క గింజ కింద పడలే.

సీడీకి తొమ్మిది ఏసిన. క్యాసెట్‌కు ఏడు.
మోనోకు నాలుగు ఏసి, పక్కన "బురద" అని రాసిన.
మాస్టర్ నా పెన్ను గుంజుకొని
నాలుగు కొట్టేసి తొమ్మిది చేసిండు.
మూడు ఆదివారాలు మాటల్లేవు.
నాలుగో ఆదివారం గుడిల ఆర్గన్ తిత్తి చినిగింది.
దబ్బనం, రబ్బరు ముక్క పట్టుకొని నేనే పోయిన.
కుట్టినంత సేపు ఆయన టార్చి పట్టిండు.
మోనో ముచ్చట ఇద్దరం ఎత్తలే.

రిటైరయినంక రైల్వే దవాఖానల చెవి పరీక్ష.
కాయితం మీద గీత బాగనే నడిచి నడిచి
నాలుగువేల కాడ గుంతల పడ్డది.
"టర్బోల పక్కన పని చేసిండ్రా?" అన్నది డాక్టరమ్మ.
"పొద్దుగాల పిట్టలు ఇనబడతయా?"
"ఏ పిట్టలు?" అన్న.

ఇంటికొచ్చి సీడీ పెట్టిన.
ఆవాలు లేవు.
మెట్లెక్కే మనిషి సగంల మాయమైతడు,
మల్ల కిందికి దిగితెనే కనబడతడు.
నడుమ ఉత్త సప్పుడులేనితనం,
వయొలిన్లు ఎవలి కోసమో ఎదురుచూసుడు.

తెల్లారి మాస్టర్ ఇంటికి పోయి
మోనో పెట్టుమన్న.
ఎందుకని అడగలే, పెట్టిండు.
స్పీకర్ మీద అరచెయ్యి ఆనిచ్చిన.
చెక్క వణికింది,
షెడ్డుల నిద్రపోకుంట నిలబడ్డ ఇంజను తీరు.
ఎడమ చెయ్యి మొత్తం ఉన్నది ఆడ.
నేను బురద అని రాసిన జాగల
నేల ఉన్నది.

"మాస్టర్, నా చెవులు పోయినయ్" అన్న.
"పైమెట్లే కద" అన్నడు, సూది ఎత్తుకుంట.
"నాకు అవి పోయి అప్పటికే ఆరేండ్లు.
లేకుంటె నీ చెవి ఎందుకడుగుత?"

ఇద్దరం చానసేపు నవ్వినం.
నవ్వు గట్టిగనే ఇనబడ్డది.

లాగ్ షీట్ల ఐదో కాన్చెర్టో ఖానాలు
ఇంక ఖాళీగనే ఉన్నయ్.
ఎడమ చెయ్యికి మార్కులు ఏసినం, మూడింటికీ,
ఈసారి కొట్లాట లేకుంట.
కుడి చెయ్యి కింద ఆయన వంకర రాత:
పక్కింటి పోరిని పిలిచి అడగాలె,
స్కూలు నుంచి రానీ.